చెరిపి పెట్టిన బొట్టు

కుంకుమ బొట్టు ఎంత బరువుంటుందో మీరెప్పుడైనా తూచారా? నేను మోస్తున్నాను కాబట్టి చెప్పగలను. ఇరవై ఏళ్ళు దాటింది. మొదట్లో ఆవగింజంత ఉండేది. ఇప్పుడు పొద్దున్నే కళ్ళు తెరిచేసరికి గుండెల మీద ఒక ఏనుగు, ఏనుగు మీద మావటి, మావటి చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్, అన్నీ కలిసి తీరిగ్గా కూర్చుని ఉంటాయి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నన్నెరిగినవాళ్ళకు చెబితే సగంలోనే నవ్వేస్తారు. వాళ్ళ తప్పు కాదు. నేను దోసె తిన్నానని చెబితే ఆ దోసె ఇక్కడి సింగపూర్ బెడోక్‌లో మొదలై సముద్రం దాటి మలేషియాలో ముగుస్తుంది. వాన పడిందంటే మా బ్లాకు పదో అంతస్తుకు చేపలు కొట్టుకొస్తాయి. దేన్నయినా ఊది పెద్దది చేయడం నా జబ్బు. ఒక్క ఈ సంగతిని మాత్రం ఎప్పుడు గుర్తొచ్చినా చిన్నది చేసుకుంటూ వచ్చాను. ఏముందిలే, సైకిలే కదా. ఏముందిలే, పందెమే కదా. అన్నిటినీ పెంచేవాడు ఒక్కదాన్నే కుదిస్తున్నాడంటే అక్కడ ఏదో ఉందని మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తిక్కపడతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. ఆ భయమే మాలాంటి వాళ్ళకు అన్నం పెట్టింది. గుంటూరు నుంచి ఒక పెట్టె, రెండు పచ్చడి సీసాలు, లోకాన్ని కాపాడబోతున్నానన్న నమ్మకం పట్టుకుని సింగపూర్‌లో దిగాను. ఆఫీసు పాయా లేబర్‌లో. అద్దె గది బెడోక్‌లో, సింహాచలం అంకుల్ వాళ్ళ ఫ్లాట్‌లో.

ఆయన తాత విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చినవాడు. అంకుల్ ఇక్కడే పుట్టాడు. ఆయన తెలుగులో సగం నాకు మా తాతమ్మ నోట విన్న మాటల్లా ఉండేది, మిగతా సగం తమిళం, మలయ్. నన్ను తంబి అనేవాడు. బస్సు డిపోలో మెకానిక్. గోతిలో దిగి, పైన నిలబెట్టిన బస్సును కింద నుంచి బాగుచేయడం పని. "ఇరవై ఆరేళ్ళు తంబి, బస్సుల కడుపులు సూశాను. ఆకాశం ఎలాగుంటాదో ఆదివారం ఆదివారం గుర్తు సేసుకుంటన్నాను" అనేవాడు.

ఆదివారం అంటే ఉబిన్ ద్వీపం. చాంగి దగ్గర చెక్క పడవెక్కితే పది నిమిషాలు. నా చేత సైకిల్ కొనిపించింది ఆయనే. కొండదారుల సైకిళ్ళు ఒకేలాంటివి రెండే మిగిలాయని దుకాణంవాడు అంటే, రెండూ తీసుకున్నాం. ఒకే నీలం రంగు, ఒకే ఎత్తు, ఒకే లావు టైర్లు. కవల దూడల్లా ఫ్లాటు ముందు వరండాలో నిలబడేవి. తేడా ఒక్కటే. ఆయన కంటే నేను కాస్త పొడుగు, అందుకని నా సీటు రెండు వేళ్ళ ఎత్తు ఎక్కువ. ఆ ఎత్తు మారకుండా సీటు కింది గొట్టం మీద తాళంచెవితో సన్నగా ఒక గీత గీసుకున్నాను. ఆ గీత గుర్తుంచుకోండి. నేను మరిచిపోదామనుకుంటున్నా అది నన్ను మరవలేదు.

ఆ ద్వీపంలో మంచు ఉండదు. కానీ నా జ్ఞాపకంలో ఎప్పుడూ మంచే. కొబ్బరి చెట్లు నీళ్ళలో నిలబడినట్టు, రాళ్ళు తవ్విన గోతుల్లో నిలిచిన చెరువులు గాజుపలకల్లా, రేకుల ఇళ్ళ ముందు కోళ్ళు సినిమాలో నెమ్మదిగా నడిచినట్టు. అంకుల్ చిన్నప్పుడు అలాంటి పల్లెలోనే పెరిగాడట. ఆ పల్లె పోయి అక్కడ ఫ్లాట్లు లేచాయి. "నా ఊరు ఇంకెక్కడా లేదు తంబి. ఈడే కొంచెం మిగిలుంది" అన్నాడొకసారి, ఒక కొబ్బరి చెట్టును బంధువును చూపించినట్టు చూపిస్తూ.

ఆయన భార్య రత్నం ఆంటీకి మాత్రం ఆ సైకిల్ సవతి. ఆదివారం వచ్చే పెళ్ళిళ్ళు, బారసాలలు అన్నిటికీ ఆవిడ ఒక్కతే వెళ్ళాల్సి వచ్చేది. వరండాలో తులసి కుండీ జరిపి మరీ సైకిల్ పెట్టాడని ఆవిడ ఆరు నెలలు సణిగింది. ఆఖరికి ఒక ఒప్పందం కుదిరింది. ద్వీపంలో జరిగే సైకిల్ పందెంలో అంకుల్ పేరిచ్చాడు. పందెం పూర్తి చేసి, పూర్తి చేసినవాళ్ళకిచ్చే మెడల్ తెస్తే సైకిల్ ఇంట్లో ఉంటుంది, ఆవిడ జన్మలో నోరెత్తదు. తేలేకపోతే సైకిల్ పోతుంది, ఆయన జన్మలో నోరెత్తడు. ఇద్దరూ తులసి కుండీ సాక్షిగా ఒప్పుకున్నారు. నేనక్కడే ఉన్నాను, కాఫీ తాగుతూ.

నేనూ పేరిచ్చాను. నాకేం పణం? ఏమీ లేదు. పందెం గురించి ఆఫీసులో అందరికీ మెయిల్ కొట్టాను, అంతే. ఆ మెయిల్‌లో ద్వీపం ఒక ఖండమైంది, అక్కడి అడవి పందులు ఖడ్గమృగాలయ్యాయి. సోమవారం మెడల్ చూపిస్తానని రాశాను. నా వైపు తక్కెడలో ఉన్నది ఆ ఒక్క మెయిలు. ఆయన వైపు తక్కెడలో ఉన్నది మిగిలిన ఊరంతా.

పందెం రోజు తెల్లవారుజామున ఆంటీ తలస్నానం చేసి వచ్చి ఆయన సైకిల్‌కు పూజ చేసింది. హ్యాండిల్‌కు గంధం రాసి మూడు కుంకుమ బొట్లు, పసుపు దారం మూడు ముళ్ళు, టైర్ల కింద నిమ్మకాయలు. ఆయన గెలవకూడదని మనసులో, ఆయన పడిపోకూడదని చేతిలో. అలాంటి పూజ నేను మళ్ళీ చూడలేదు. నా సైకిల్ వైపు కూడా వచ్చింది పళ్ళెం పట్టుకుని.

నేను వద్దన్నాను. నేను కంప్యూటర్ల మనిషిని ఆంటీ, నా బండికి బొట్టెందుకు అన్నాను. అంత పెద్ద మాట అన్నాను. ఆవిడ పళ్ళెం వెనక్కి తీసుకుంది. మిగిలిన కుంకుమ తులసి కుండీలో వేసింది.

అలా రెండు కవల సైకిళ్ళకు మొదటిసారి తేడా వచ్చింది. ఒకటి బొట్టున్నది, ఒకటి బోసిది.

పడవలో సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చారు. సముద్రం పాలు పోసినట్టు తెల్లగా ఉంది. ద్వీపంలో దిగి, కాళ్ళు సాగదీద్దామని నా సైకిలెక్కి నాలుగు తొక్కులు తొక్కాను. ఐదో తొక్కుకు కాళ్ళు గాలిలో పడ్డాయి. పెడల్ తిరుగుతోంది, చైను తిరుగుతోంది, వెనక చక్రం మాత్రం ఎవరి గురించో అన్నట్టు ఊరుకుంది. మళ్ళీ తొక్కితే పట్టుకుంది. మళ్ళీ వదిలేసింది. ఫ్రీవీల్ లోపలి పళ్ళు జారిపోతున్నాయి. కలలో పరిగెత్తుతుంటే కాళ్ళు ఆడుతూనే ఉంటాయి, మనం కదలం చూడండి. సరిగ్గా అది. మేలుకుని ఉండగానే.

పందేనికి పావుగంట ఉంది.

అంకుల్ ఇదేమీ చూడలేదు. ఆయన అప్పటికే తన సైకిల్ నా పక్కన చెట్టుకు ఆనించి, "ఒక్క నిముషం సూస్తుండు తంబి" అని జెట్టీ దగ్గరున్న చీనా గుడికి వెళ్ళాడు. ఏ దేవుడైనా ఆయనకు దేవుడే. అగరొత్తుల పొగలో ఆయన వీపు, వీపు మీద పిన్నులతో గుచ్చిన నంబరు కాగితం నాకు కనిపిస్తున్నాయి.

ఆయనను పిలిచి ఉండవచ్చు. పిలిస్తే ఏమయ్యేది? ఆయన మెకానిక్. చూసేవాడు. బహుశా బాగుచేసేవాడు. బహుశా కుదరదనేవాడు. బహుశా, ఇదే నన్ను తినేసేది, నా సైకిల్ తీసుకో తంబి, నీకు ఆఫీసులో పరువుంది అనేవాడు. ఆయన అలాంటివాడే. అడిగితే ఇచ్చే మనిషి దగ్గర నేనెందుకు దొంగిలించాను? అడిగితే తీసుకున్నందుకు సిగ్గుపడాలని. దొంగిలిస్తే ఎవరికీ తెలియదు కాబట్టి సిగ్గుపడక్కర్లేదని. ఈ లెక్క ఎక్కడ తప్పిందో ఇన్నేళ్ళ తర్వాత మీకు వేరే చెప్పాలా?

జేబురుమాలు తడిపాను. ఆయన హ్యాండిల్ మీది దారం ముళ్ళు ఒక్కొక్కటీ విప్పాను. గంధం గోటితో గీరి నా హ్యాండిల్‌కు రాశాను. కుంకుమ వేలితో తీసి నా సైకిల్‌కు మూడు బొట్లు పెట్టాను. ఉంగరం వేలితోనే పెట్టాను! దొంగతనంలోనూ పద్ధతి తప్పలేదు. ఆంటీ చూసి ఉంటే ఆ ఒక్క విషయంలో మెచ్చుకునేది. దారం కట్టి సరిగ్గా మూడు ముళ్ళు వేశాను. తర్వాత ఆయన హ్యాండిల్ రుమాలుతో తుడిచేశాను. అంతా కలిపి నాలుగు నిమిషాలు. నాలుగు యుగాలని రాయబోయి ఆగాను. నిజంగా నాలుగు నిమిషాలే. అంత తేలిగ్గా అయిపోయింది.

రెండు సైకిళ్ళూ చోటు మార్చి ఆనించాను. సీట్ల సంగతి మరిచిపోయాను.

ఆయన నుదుటి మీద విభూదిలాంటి బూడిదతో తిరిగొచ్చాడు. బొట్టున్న సైకిల్ పట్టుకున్నాడు. మొదలుపెట్టే గీత దగ్గర ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. అప్పుడు జరిగిన మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. వీటిని మాత్రం ఊదలేదు.

"ఇదేటి తంబి, సీటు ఎత్తయిపోనాది?"

"ఎత్తా? అలాగేం లేదే అంకుల్."

"రేత్రి పడుకున్నప్పుడు కాళ్ళు బాగానే ఉన్నాయి మరి. మీ ఆంటీ గానీ కోసేసిందేటి?"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నా నవ్వు నా చెవులకే రేకుల మీద రాళ్ళు పడ్డట్టు వినిపించింది.

"పడవలో ఎవరైనా కదిపారేమో అంకుల్."

"పడవలోనా."

ప్రశ్న కాదది. ఊరికే ఆ మాటను ఒకసారి నోట్లో పెట్టుకుని చూసినట్టు అన్నాడు. లివర్ వదులు చేసి సీటు కిందికి దించుకున్నాడు. తర్వాత హ్యాండిల్ మీది బొట్టును వేలితో తాకి కళ్ళకద్దుకున్నాడు.

"బొట్టుంది గదా. నాదేలే" అన్నాడు.

ఈల మోగింది.

ఆ తర్వాతిదంతా నాకు నీళ్ళ అడుగున జరిగినట్టు ఉంటుంది. నా సీటు ఇప్పుడు రెండు వేళ్ళు పల్లంలో ఉంది. ఆయన ముందు ఎత్తు పెంచే ధైర్యం లేదు. మోకాళ్ళు గడ్డానికి తగులుతూ, ఎలుగుబంటి పిల్లల సైకిలెక్కినట్టు తొక్కాను. రబ్బరు చెట్ల మధ్య ఎర్రమట్టి దారి. పక్కన చెరువు, చెరువులో ఇంకో ఆకాశం. ఒక ఉడుము దారి దాటుతూ ఆగి నా వైపు చూసింది. దానికి తెలుసనిపించింది. మొదటి కొండ ఎక్కుతుండగా వెనక నుంచి గిర్రుమని శబ్దం వచ్చింది. వెనక్కి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

అంకుల్ కొండ మధ్యలో ఉన్నాడు. కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి. ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు. తర్వాత సైకిల్ నెమ్మదిగా వెనక్కి జారడం మొదలైంది. మనుషులు ఆయనను అటూ ఇటూ దాటి వస్తున్నారు. ఆయన తలెత్తలేదు. తొక్కుతూనే ఉన్నాడు. ఆ దృశ్యానికి ఇప్పటిదాకా ముగింపు రాలేదు.

నేను తల తిప్పుకున్నాను. తొక్కాను.

పందెం పూర్తి చేశాను. చెమటకు హ్యాండిల్ సందుల్లో మిగిలిన కుంకుమ కరిగి అరచేతుల నుంచి మోచేతుల దాకా ఎర్రగా కారింది. ముగింపు గీత దగ్గర నిలబడ్డ ఒకావిడ రక్తమనుకుని కంగారుపడి నీళ్ళిచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నేను పెంచి చెప్పకుండానే పెద్దదైన సంగతి అదొక్కటే. ఆంటీ పెట్టిన కుంకుమతో తడిసిన చేతులతో మెడల్ తీసుకున్నాను.

గడువు ముగిసి, గేటు తీసేసి, జెండాలు మడుస్తున్నప్పుడు అంకుల్ సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. మోకాలు చీరుకుపోయింది. ఎండలో నడిచి నడిచి ముఖం నల్లబడింది. నా మెడలో మెడల్ చూసి, నా భుజం తట్టి, "బోలే తంబి, సాధించేశావు" అన్నాడు. బోలే అంటే మలయ్‌లో చేతనవును అని. నాకు ఏది చేతనయిందో ఆయనకు తెలియదనే అనుకున్నాను, ఆ రోజుకు.

ఇంటికొచ్చాక ఆంటీ గెలిచిన మనిషిలా లేదు. గుమ్మంలో నిలబడి ఆయన మోకాలు చూసింది. చాలాసేపు. తర్వాత నాతో, ఆయనకు వినబడకుండా, "నా వల్లే బాబూ. మనసులో వద్దనుకుంటూ బొట్టెట్టాను. అలాగెట్టకూడదు" అంది. నేను ఆవిడ ఎదురుగా నిలబడ్డాను, మెడల్ చొక్కా లోపలికి దోపుకుని. నోరు తెరిస్తే చాలు, ఆవిడ మీద నుంచి ఆ భారం దిగిపోయేది. నేను నోరు తెరిచి, "అలాంటివేం ఉండవు ఆంటీ" అన్నాను. మళ్ళీ కంప్యూటర్ల మనిషినయ్యాను.

ఆ వారమంతా ఆవిడే బతిమాలింది. సైకిల్ ఉంచుకోమంది, తులసి కుండీ తానే పక్కకు జరిపింది. ఆయన ఒప్పుకోలేదు. మాటంటే మాటే అన్నాడు. ఆ మరుసటి ఆదివారం పొద్దున్నే నన్ను వరండాలోకి పిలిచి ఆ సైకిల్ నా చేతికిచ్చాడు. "నువ్వు తొక్కు తంబి. ఈదిలో ఎవరికో ఇస్తే నా మనసు ఒప్పదు. వెనక చక్రం విప్పి కడిగి గ్రీజు పెట్టాను. మట్టి సేరింది, అంతే. పది నిముషాల పని."

పది నిమిషాల పని. జెట్టీ దగ్గర నేను పిలిచి ఉంటే, ఆయన చేతుల్లో, పది నిమిషాల పని.

కిందికి తీసుకెళ్ళి ఎక్కాను. కాళ్ళు సరిగ్గా అందాయి. నాకు వెంటనే తట్టలేదు. బ్లాకు చుట్టూ సగం తిరిగాక తట్టింది. దిగి చూశాను. సీటు పైకి లేపి ఉంది. నేను తాళంచెవితో గీసిన గీత దగ్గర, వెంట్రుకవాసి తేడా లేకుండా, బిగించి ఉంది.

ఆయనకు తెలుసా? నాకిస్తున్నాడు కాబట్టి నా ఎత్తుకు పెట్టి ఉండవచ్చు. నా సీటు ఎత్తు ఆయన ఎన్ని ఆదివారాలు చూసి ఉంటాడు! అలాగే అయి ఉంటుంది. కానీ చక్రం విప్పి కడిగిన మనిషికి, ఇరవై ఆరేళ్ళు బస్సుల కడుపుల్లో గీతలు చూసి రోగం చెప్పిన మనిషికి, ఆ గీత కనబడకుండా ఉంటుందా? కనబడితే అది ఎవరి సైకిల్ మీద ఉండాల్సిన గీతో తెలియకుండా ఉంటుందా? ఇంట్లోనే తెలిసిందా, లేక ఆ కొండ మీద, వెనక్కి జారుతూ తొక్కుతున్నప్పుడే తెలిసిందా? "నాదేలే" అన్నప్పుడే తెలిసిందా? తెలిసే ఎక్కాడా?

నెల తిరక్కుండా గది ఖాళీ చేశాను. ఆఫీసు దూరమని చెప్పాను. బెడోక్‌కూ పాయా లేబర్‌కూ మధ్య దూరాన్ని నేను ఎంత పెంచి చెప్పి ఉంటానో మీరు ఊహించుకోవచ్చు.

ఇప్పుడు పాసిర్ రిస్‌లో ఉంటున్నాను. బెడోక్‌కు రైల్లో నాలుగు స్టేషన్లు. వాళ్ళిద్దరూ అక్కడే, ఆ ఫ్లాట్‌లోనే ఉన్నారు. దీపావళికి వెళతాను. ఆయనకు డెబ్భై దాటాయి. వెళ్ళిన ప్రతిసారీ రైల్లో వాక్యం సిద్ధం చేసుకుంటాను. లిఫ్టులో దాన్ని దిద్దుకుంటాను. గుమ్మం ముందు తులసి కుండీ కనబడగానే అది పోతుంది. ఆంటీ ఇప్పటికీ ఎవరింట్లో పూజ జరిగినా బొట్టు తాను పెట్టదు. పక్కవాళ్ళకు పళ్ళెం అందిస్తుంది. ఎందుకని ఎవరూ అడగరు. నాకు తెలుసు. ఆయన ద్వీపానికి మళ్ళీ వెళ్ళలేదు.

నాకు అప్పుడప్పుడు ఒక కల వస్తుంది. పాల సముద్రం, ఎర్ర కొండ, తిరిగే కాళ్ళు, తిరగని చక్రం. ఆ కలలో కొండ మీద ఉన్నది నేనా, ఆయనా అన్నది లేచాక కూడా తేలదు. మా అమ్మాయి ఒకసారి లేపి, "నాన్నా, నిద్రలో ఎందుకు సైక్లింగ్ లా? దుప్పటి అంతా కింద పడింది" అంది, ఇక్కడి పిల్లలందరిలాగే మాట చివర "లా" తగిలించి. ఏదో తమాషా కథ చెప్పాను. నమ్మింది, నవ్వింది.

నా సైకిల్, అంటే ఆయన కడిగి ఇచ్చినది, ఎప్పుడో ఎవరికో ఇచ్చేశాను. రెండోది, అసలు ఆయనది, నేను తుడిచేసినది, ఇంకా మా వరండాలో ఉంది. తుప్పు పట్టింది. హ్యాండిల్ రబ్బరు అంచు కింద, రుమాలు అందని చోట, లేత గులాబీ రంగు మరక ఒకటి ఉంది. మీరు వచ్చి చూస్తే కనబడకపోవచ్చు. నాకు వీధి చివరి నుంచే కనబడుతుంది.

ఇది రాయడానికి కూర్చునే ముందు దాని దగ్గరికి వెళ్ళాను. పందెం తర్వాత పెంచుకుని ఇన్నేళ్ళుగా నా ఎత్తుకే ఉంచిన సీటు లివర్ తుప్పుకు బిగుసుకుపోయి ఉంది. కొబ్బరినూనె పోసి, బలమంతా పెట్టి వదులు చేశాను. రెండు వేళ్ళు కిందికి దించాను. బిగించాను.

అంతే చేశాను. అంతకంటే ఏం చేశానని చెప్పినా అది నా పాత జబ్బే అవుతుంది.